దుప్పటితో తూచిన బిడ్డ

మంగళవారం

ఈరోజు సుధ అందరి ముందరా ఏడ్చింది. నాకు హాయిగా ఉండింది.

పదేండ్లు వార్డులో నర్సుగా ఒళ్ళరగదీసుకొని నేను మందు రాయడం నేర్పే ఈ నర్స్ ప్రాక్టీషనర్ కోర్సుకొస్తే, క్లాసులో ఫస్టు మాత్రం నిన్నమొన్న ఉద్యోగంలో చేరిన ఈ పిల్లకి.

పొద్దున పిల్లల ఓపీలో జ్వరంతో ఒక ఆరునెలల బిడ్డ వచ్చింది. ఏసీ చలని తల్లి విప్పనీకపోతే, సుధ మందపు దుప్పటితోనే బిడ్డను తూచింది. మందు పోసేది బరువును బట్టే; దుప్పటి బరువూ కలిస్తే డోసు ఎక్కువైపోతుంది. పక్కనే నిలబడి చూసినాను. చెప్పలేదు. సుధ డోసు లెక్కేసింది, సిరంజిలోకి మందు తీసింది, బిడ్డ నోటిదాకా తెచ్చింది. అప్పుడు మాకు కోర్సు చెప్పే మేడం లోపలికొచ్చింది.

అప్పుడన్నాను, "సుధా, దుప్పటి తీసే తూచినావా?"

"బిడ్డను తూచడం రానిదానివి, నువ్వు మందు రాస్తావా?" అని మేడం కడిగేసింది. తల్లి సుధ చేతిలోంచి బిడ్డను లాక్కొని, "మీరే చూడండక్కా" అంటా నాకిచ్చింది.

మేడం రాకుంటే నేను నోరు తెరిచేదాన్నా? ఏమో.

సాయంత్రం మా పేట చూలైకి పోయే బస్సులో సుధ నా చెయ్యి పట్టుకొనింది. "నువ్వు చూసినావు గాబట్టి సరిపోయిందక్కా. లేకుంటే ఆ బిడ్డ..."

ఎప్పుడు చూసినానో మాత్రం అడగలేదు.