యూసుఫ్ చక్రం

బుధవారం. మంచిర్యాల, యూసుఫ్ ఇల్లు.

మొన్న కరీంనగర్ గ్రంథాలయంలో రాజయ్య నలుగురి ముందు నన్ను ఎగతాళి చేశాడు. "పుస్తకాలు తిప్పినంత అల్క గాదు సారూ, సైకిల్ తొక్కుడు." ముప్పై ఏళ్లుగా ప్రతి సభలోనూ వాడిది ఇదే వరస. ఎవరి సాయమూ లేకుండా ఆదిలాబాద్ దాకా తొక్కి చూపిస్తానన్నాను. ఈ రోజు గోదావరి దాటాక గుంతలో పడి వెనుక చక్రం వంకరపోయింది. నా పాత సైకిల్‌కు సరిపోయే పెద్ద చక్రం ఇక్కడ ఏ దుకాణంలోనూ దొరకలేదు.

నాతో కలిసి పాఠాలు చెప్పిన యూసుఫ్‌కు రాజయ్యతో పట్టిన పంతం సంగతి చెప్పాను. వాడు వెంటనే, నాలాంటిదే అయిన తన పాత సైకిల్ తలకిందులు చేసి, వెనుక చక్రం విప్పి నాదానికి బిగించాడు.

"నీకెట్ల మరి?" అన్నాను.

"నడుస్త తీయ్. మస్జిద్ ఏమన్న ఆదిలాబాద్‌ల ఉన్నదా?"

వాడి మోకాలి వాపు నాకు కనిపిస్తూనే ఉంది. అయినా వద్దనలేదు. రాజయ్య ముఖం మాడిపోతే చూడాలన్న కోరిక డెబ్బై ఏళ్ల మనిషిని ఇంత నీచుణ్ని చేస్తుందని నేను చదివిన ఏ పుస్తకమూ చెప్పలేదు.

పడుకోబోతూ వాడే అన్నాడు: "రాజయ్యకు గీ ముచ్చట జెప్పకురా. ఒక్కన్నే పోయిన అను. ఫికర్ జెయ్యకు, నేను ఎవలకు జెప్ప."

చక్రం ఇచ్చాడు. చెప్పాల్సిన అబద్ధం కూడా వాడే ఇచ్చాడు. తెల్లారి బయలుదేరేలోగా రెంటిలో ఒకటి వాడికి తిరిగి ఇచ్చేయాలి. చక్రం ఇస్తే సైకిల్ కదలదు. అబద్ధం ఇచ్చేస్తే రాజయ్యకు నిజం చెప్పాలి...