వాలు మీద టకటక

మావయ్యగారికి,

మేనల్లుడు నమస్కరించి రాసేది. ఇక్కడ మేం ముగ్గురం కులాసా. ఈ కులాసా ఎన్నాళ్ళుంటుందో తెలియకే ఈ ఉత్తరం.

నాలుగు నెలల కిందట, మీకు చెప్పకుండా, చవగ్గా వస్తోందని ఒక సైకిల్ కొన్నాను. అట్టపెట్టెలో ముక్కలుగా ఇచ్చారు. బోల్టులు నేనే బిగించుకున్నాను. మా ఇంటి నుంచి ఆఫీసుకి పెద్ద వాలు దిగాలి. ఆ వాలు మీద నా సైకిల్ టకటకమంటోంది. చదునుగా ఉన్నచోట అనదు. ఆపి చూస్తే ఏమీ ఉండదు. మా వీధి సైకిల్ షాపతను ఎక్కి దిగి చూశాడు. ఏ చప్పుడూ లేదని చెప్పి, నా వంక జాలిగా చూశాడు.

పొద్దస్తమానం లిఫ్టులు తనిఖీ చేయడమే నా ఉద్యోగం. ఏదైనా ఊడి పడే ముందు ఎంత చిన్న చప్పుడు చేస్తుందో నాకు తెలుసు. వచ్చే నెల పాపని బడిలో వేస్తున్నాం. బడి ఆ వాలు కిందే. మా ఆవిడ పొద్దున్నే ఆసుపత్రి డ్యూటీకి పోతుంది. కాబట్టి పాపని వెనక కూర్చోబెట్టుకుని దింపాల్సింది నేనే. ఉన్నదాన్నే బాగుచేయించనా, అవతల పారేసి కొత్తది కొననా? మీరే చెప్పాలి.

మీ మేనల్లుడు

తాజాకలం: నడిచి వెళ్ళమంటుంది మా ఆవిడ. నడిస్తే పాపకి బడి దక్కుతుంది, నాకు ఉద్యోగం దక్కదు.

*

చిరంజీవి మేనల్లుణ్ణి మావయ్య దీవించి రాసేది.

ఏరా, నలభై ఏళ్ళు సైకిళ్ళకి పానా పట్టిన మేనమామ బతికుండగా అట్టపెట్టెలో సైకిల్ కొన్నావా! పైగా ఎవడో వీధి షాపువాడికి చూపించావా! పోనీలే, ప్రాణం మీదికొచ్చాకైనా నేను గుర్తొచ్చాను.

కొత్తది కొనొద్దు. అది చైను చప్పుడు. చవక చైను వాలులో వదులై గార్డుకి కొట్టుకుంటుంది. మంచి చైను వేయించు. తీసిన చైను మాత్రం నాకు పంపు. రోగం ఏమిటో నా కళ్ళతో చూడాలి.

అశ్రద్ధ చేయకు. మా వీధిలో ఒక దర్జీ ఉండేవాడు. అతని సైకిల్ కూడా వాలు మీద ఇలాగే టకటకమనేది. ఆ తర్వాత అతను మళ్ళీ సైకిలెక్కలేదు.

మీ మావయ్య

తాజాకలం: నువ్వు భయపడతావని దర్జీ సంగతి వివరంగా రాయడం లేదు.

*

మావయ్యగారికి నమస్కారాలు.

చైను మార్పించాను. పాతది పార్సిల్‌లో వస్తోంది. మా ఆఫీసు పద్ధతి ప్రకారం తీసిన ప్రతి భాగానికీ చీటీ కట్టాలి. భాగం, లోపం, తీసిన కారణం అన్నీ రాశాను. కారణం దగ్గర ‘ప్రాణభయం’ అని రాసినందుకు ఏమీ అనుకోకండి.

మొదటిరోజు బ్రహ్మాండంగా ఉంది. ఈదురుగాలికి దుమ్ము రేగుతుంటే రుమాలు నోట కరుచుకుని దిగాను. టక్కుమనలేదు. మావయ్య చెయ్యి చలవ అనుకున్నాను. మర్నాడు గాలి లేదు, దుమ్ము లేదు. నా ఖర్మ కొద్దీ చప్పుడు మాత్రం వచ్చేసింది, మునుపటికన్నా గట్టిగా. బేకరీ మలుపు దగ్గర దిగి, ఆఫీసుదాకా నడిపించుకుంటూ పోయాను. ఆలస్యమైనందుకు సూపర్వైజరు ఏం తిట్టాడో రాయను.

ఇంతకీ ఆ దర్జీకి ఏమైంది మావయ్యా? అన్నం సహించడం లేదు.

మీ మేనల్లుడు

తాజాకలం: పాపకి కొత్త బూట్లు కొన్నాం. అవి తొడుక్కుని ఇల్లంతా తిరుగుతూ బడెప్పుడని అడుగుతోంది. దాని ముఖం చూడలేకపోతున్నాను.

*

చిరంజీవికి దీవెనలు.

చైను అందింది. చీటీ చదివి మీ అత్తయ్య పగలబడి నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఎందుకంటే చైనులో ఏ లోపమూ లేదు! అంటే రోగం లోపలెక్కడో ఉంది.

వెంటనే పెడళ్ళు మార్పించు. తగ్గకపోతే బ్రేకులు. అప్పటికీ తగ్గకపోతే చక్రాలు రెండూ, హ్యాండిలు, సీటు. ఒక్కొక్కటే మార్చు, దొంగ ఎక్కడ దాక్కున్నాడో తెలియాలి. పాపని మాత్రం అప్పటిదాకా ఎక్కించకు. తీసినవన్నీ నాకు పంపు. ఇనుము పారేయడం నావల్ల కాదు, నీకు తెలుసుగా.

ఇక దర్జీ సంగతి. ఆ రోజు అతను వాలు సగం దిగాడు. చప్పుడు ఒక్కసారిగా ఎక్కువైంది. బ్రేకు నొక్కాడు. అంతలో ఏమైందంటే... కాగితం అయిపోయింది.

మీ మావయ్య

*

మావయ్యగారికి నమస్కారాలు.

మరో కాగితం తీసుకుంటే మీ సొమ్మేం పోయేది? సైకిలెక్కితే చాలు, ఆ దర్జీ నా ముందే వాలు దిగుతున్నట్టుంటోంది.

మీరు చెప్పినవన్నీ వరసగా మార్పించాను. చప్పుడు తగ్గలేదు. ఇక మిగిలింది ఫ్రేమే కదా అని నిన్న దాన్నీ మార్పించేశాను. షాపతను నన్ను చూడగానే నమస్కారం పెడుతున్నాడు. నేను కొన్న సైకిల్లో ఇప్పుడు నా దగ్గర మిగిలింది గంట ఒక్కటే. ఉన్నదాన్ని బాగుచేయించినట్టా, కొత్తది కొన్నట్టా, నాకే తెలియడం లేదు.

ఇవాళ దిగాను. టకటకటక. చెవి పక్కనే మోగినట్టు వినిపిస్తోంది. ఇది సైకిల్‌ది కాదు మావయ్యా, నన్ను వెంటాడుతోంది. దిగేసరికి ముచ్చెమటలు పోసి, దవడలు లాగేస్తున్నాయి. సోమవారమే బడి. నాకేమైనా అయితే ఏ కాగితం ఏ సొరుగులో ఉందో మా ఆవిడకి రాసిచ్చాను. చదవకుండానే దాని మీద కూరగాయల జాబితా రాసింది.

మీ మేనల్లుడు

తాజాకలం: నాకేమైనా ఫరవాలేదు. వెనక కూర్చునేది పాప. అదీ నా భయం.

*

చిరంజీవికి,

నువ్వు పంపినవన్నీ వరండాలో పేర్చి చూస్తే పూర్తి సైకిల్ అయింది. ఊరుకోలేక బిగించేశాను. మీ అత్తయ్య దాని మీద రెండు రోజులుగా వంతెన వాలు దిగి కూరగాయలు తెస్తోంది. చీటీలు విప్పనివ్వడం లేదు, అందంగా ఉన్నాయట. ఒరే, ఆ బండి చిన్న చప్పుడు కూడా చేయడం లేదురా! వెన్నలా పోతోంది.

అంటే నీ పాత బండిలో ఏ తప్పూ లేదు. నీ కొత్త బండిలో ఒక్క పాత భాగమూ లేదు, గంట తప్ప. మరి ఆ చప్పుడు ఎక్కణ్ణుంచి వస్తోంది? నా సర్వీసులో ఇలాంటి కేసు చూడలేదు. మొదటిసారి నాకూ భయమేస్తోంది. గంట పీకెయ్. పాపని ఎక్కించకు. నేను బయల్దేరి వస్తాను.

మీ మావయ్య

తాజాకలం: దర్జీ గురించి బెంగపడకు. అతని జేబులో బొత్తాల డబ్బా ఉండేది, చప్పుడు దానిదే. నలుగురూ నవ్వారని సిగ్గుపడి నడవడం మొదలుపెట్టాడు. దానికీ నీ సంగతికీ ఏ సంబంధమూ లేదు.

*

మావయ్యగారికి,

మీ ఉత్తరం మంగళవారం అందింది. సోమవారమే అంతా అయిపోయింది. కంగారుపడి బయల్దేరకండి, మేం క్షేమం.

పొద్దున్నే పాప కొత్త బూట్లేసుకుని, నేను చెప్పకుండానే వెనకెక్కి కూర్చుంది. రెండు చేతులూ నా నడుం చుట్టూ వేసింది. వాలు పైన పావుగంట నిలబడ్డాను. కాలు కదిలితే కదా! బడి గంట కొడతారని అది ఏడుపు మొహం పెట్టింది. ఇక ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వదిలాను. నాలుగు గజాలు పోయామో లేదో, టకటకటక.

"నాన్నా, నీకు చలేస్తోందా?" అంది.

"లేదమ్మా, గట్టిగా పట్టుకో!"

"మరి నీ పళ్ళెందుకు కొట్టుకుంటున్నాయి?"

బేకరీ మలుపు దగ్గర బ్రేకు వేశాను. సైకిల్ ఆగింది. చప్పుడు ఆగలేదు. దవడకింద చెయ్యి పెట్టుకున్నాను. అప్పుడు ఆగింది.

రుమాలు నోట్లో ఉన్నరోజు ఆ చప్పుడు ఎందుకు రాలేదో అప్పుడు అర్థమైంది. ఇన్ని నెలలు మావయ్యా! చైనూ చక్రాలూ ఏ పాపం చేశాయని!

"భయమేస్తోందే తల్లీ" అన్నాను. ఈ మాట నేను ఎవరితోనూ అనలేదు, ఉత్తరాల్లో మీకు రాయడం తప్ప.

"ఎందుకు?"

"నువ్వు పడిపోతావేమోనని."

"నేను నిన్ను పట్టుకున్నాగా" అంది.

తర్వాత ఉపాయం కూడా అదే చెప్పింది. నోరు తెరిస్తే పళ్ళు తగలవట. ఇద్దరం నోళ్ళు బార్లా తెరిచి, కేకలేసుకుంటూ మిగతా వాలంతా దిగాం. బేకరీవాళ్ళు బయటికొచ్చి చూశారు. బడి గంటకి ముందే చేరాం.

భయం పోలేదు. రోజూ కేకలేస్తూనే దిగుతున్నాం.

మీ మేనల్లుడు

తాజాకలం: పాత సైకిల్ అత్తయ్యగారే ఉంచుకోవాలి. ఆవిడ చీటీలకి ఇంకొకటి జత చేసి పంపుతున్నాను. భాగం: దవడలు. లోపం: భయం. చర్య: మార్చే వీలు లేదు, తెరిచి వాడుకోవాలి.