జిల్లేడుకి గడువు

జూన్ 3
నేను పనిచేసే ఆస్పత్రి మందుల కౌంటర్ వెనక, గోడ పగుల్లోంచి పెకలించి తెచ్చిన జిల్లేడు నడుమెత్తుకి వచ్చింది. మా పెరట్లో, మా ఆయన గులాబీల పక్కనే నాటాను. సీతాకోకచిలుకలు దీనిమీద గుడ్లు పెడతాయని చెప్పాను. వెంటనే ఆడపడుచుకి ఫోన్ చేశారు. వదిన పిచ్చిమొక్కలకి నీళ్లు పోస్తోందని స్పీకర్ పెట్టి మరీ నవ్వుకున్నారు. ఒళ్లు మండింది.

జూన్ 5
గడువు పెట్టారు. నెలాఖరులోగా ఒక్క సీతాకోకచిలుకైనా పుట్టకపోతే నరికేస్తారట. ఇరవై రెండేళ్ల కాపురం. ఆ పెరట్లో నాదంటూ ఉన్నది ఇదొక్కటే. చూద్దాం ఎవరి పంతం నెగ్గుతుందో.

జూన్ 9
గుడ్లు! ఆకుల అడుగున. తెల్లగా, ఆవగింజంత కూడా లేవు. పదకొండు.

జూన్ 14
గుడ్లు పగిలి పురుగులొచ్చాయి. ఒంటినిండా నలుపు, తెలుపు, పసుపు చారలు. ఎంత తిండిపోతులో! ఆకులన్నీ జల్లెడ చేసేశాయి. తినండి తల్లీ, తినండి.
ఇవే రేపు సీతాకోకచిలుకలవుతాయని ఆయనకి తెలీదు, గుడ్లోంచి రెక్కలతోనే ఎగిరొస్తాయనుకుంటున్నారు. చెప్పెయ్యొచ్చుగా మేడమ్ అంది కౌంటర్లో నా పక్కన కూర్చునే అమ్మాయి. ఎందుకు చెప్పాలి? రెక్కలొచ్చిన రోజు చెయ్యి పట్టుకుని లాక్కెళ్లి చూపిస్తాను. అప్పుడు చూడాలి ఆ మొహం.

జూన్ 19
నేను కాఫీ కప్పు ఠక్కున పెడతాను. ఆయన టీవీ సౌండ్ పెంచుతారు.

జూన్ 22, సాయంత్రం 6
డ్యూటీ నుంచి వచ్చేసరికి గేటు దగ్గర నవ్వుతూ నిలబడ్డారు. చెయ్యి పట్టుకుని పెరట్లోకి లాక్కెళ్లారు. నీ మొక్కని పురుగు తినేస్తుంటే చూసుకోవేంటి అన్నారు. మిట్టమధ్యాహ్నం ఎండలో గులాబీల మందు రెండుసార్లు కొట్టారట. నరకడం మాట మర్చిపో, ఉండనీ పాపం అన్నారు.
పదకొండూ కింద పడున్నాయి. ముడుచుకుపోయి.
ఇన్నేళ్లలో నా కోసం ఈ మనిషి ఎండలో నిలబడటం ఇదే మొదటిసారి. ఏమని తిట్టను? ఒక్క ముక్క చెప్పి ఉంటే బతికేవి. నా పంతమే వాటిని చంపింది. ఛీ.
కళ్లనీళ్లు ఆగలేదు. సంతోషమనుకున్నారు.

జూన్ 30
ఒక్క సీతాకోకచిలుకా రాలేదేం అని అడిగారు, నిజంగానే బాధపడుతూ.
వస్తాయన్నాను.
మళ్లీ మందు కొట్టనా అన్నారు. వద్దన్నాను. ఎందుకొద్దో చెప్పలేదు.