తోమిన కాసు

ఎవాంజలిన్,

పాలు కాచి మూత పెట్టాను. నేను వచ్చేదాకా మెట్లు దిగకు, మోకాలు మళ్ళీ వాస్తుంది.

నిన్న నువ్వు మీ అమ్మ ఇచ్చిన బంగారు కాసు తోముతుంటే గుమ్మంలో నిలబడి చూశాను. శనివారం చర్చి కొవ్వొత్తి స్టాండ్లు తోమినట్టే చింతపండు, ఇటుక పొడి పెట్టి రుద్దావు. "ఏటండీ, ఎంత నల్లగా అయిపోనాదో సూడండి. మన ఎమిలీ పాప మెడలో ఎయ్యాల" అన్నావు.

నేను వద్దనలేదు. వద్దంటే ఎందుకో చెప్పాలి. పోయిన వారం నీకు తెలియకుండా దాన్ని కలకత్తాలో పాత నాణేల వ్యాపారికి చూపించాను. ఈరోజు అక్కడి నాణేల ప్రదర్శనలో కొంటానన్నాడు. "దాదా, ఆ మురికే దాని వయసు. రుద్దితే గీతలు పడతాయి, అప్పుడు నాకొద్దు" అని కూడా అన్నాడు. ఆ మాట గుర్తుండే నీ చెయ్యి పట్టుకుని ఆపలేదు.

నీ మోకాలి ఆపరేషన్ కోసమే అమ్ముతున్నానని నాకు నేను చెప్పుకుంటున్నాను. మరి నిన్ను అడగడానికి ఎందుకు భయపడ్డాను?

ఇప్పుడు కొంటాడో లేదో తెలియదు. కాసు జేబులో వేసుకుని వీధి చివరిదాకా వెళ్ళి తిరిగొచ్చాను. కలకత్తా వెళ్ళే పదిన్నర లోకల్ రైలు వరకు స్టేషన్‌లో కూర్చుంటాను. అమ్మమంటే ఫోన్ చెయ్యి, వచ్చి తీసుకెళ్తాను. చెయ్యకపోతే ఇంటికే వస్తాను.

తిమోతి

కాసు మీది రాజు బొమ్మకి చెంప మీద రెండు గీతలు పడ్డాయి. మనవరాలి మెడలో ఉంటే ఎవరూ చూడరులే. కాసు ఈ చీటీ మీదే పెట్టాను.