నీలం చొక్కా కొలత

చాకన్,
ఆదివారం మధ్యాహ్నం

వదినకు,

నాగేష్ నమస్కారాలు. నాకు ఒంట్లో బాగానే ఉంది. అక్కడ మీరందరూ ఇంతకంటే బాగుండాలి. అన్న కాలు ఎలా ఉంది, చలికి మళ్ళీ గుంజుతోందా? మిరపతోటకు తెగులు తగిలిందని సరోజ ఫోన్లో చెప్పింది, మందు కొట్టారా? అమ్మ వేళకు తింటోందా? నా గురించి దిగులు పడొద్దు. నేను బాగున్నాను.

ఫోన్ ఉండగా వీడికి ఈ ఉత్తరమేమిటని నవ్వుకుంటున్నావేమో. సమ్మయ్య ఇంటివాళ్ళు మన చెల్లి సరోజను వాడికిమ్మని అడిగారనీ, పిల్లవాడు ఎలాంటివాడో వాడితో ఒకే గదిలో ఉంటున్నవాడిని నేనే చెప్పాలనీ, నా మాట మీదే అన్న అవునో కాదో అంటాడనీ అన్నావు. అది ఫోన్లో చెప్పే సంగతి కాదు. ఇక్కడ నేను మాట్లాడితే సమ్మయ్య పక్క మంచం మీద వింటాడు. అక్కడ నీ ఫోన్ ఎప్పుడూ స్పీకర్లోనే, సరోజ వింటుంది. మనవైపు ఉన్న హిందీ బడిలో చదివిన నాకు, నువ్వు తెలుగు బడులున్న వాజేడు నుంచి కాపురానికి వచ్చిన కొత్తలో చెవి మెలేసి నేర్పిన తెలుగు ఇన్నాళ్ళకు పనికొచ్చింది. తప్పులుంటే ఆ పాపం గురువుదే.

ఇక్కడ చలి ముదిరింది. పొద్దున షిఫ్టుకి వెళ్ళేటప్పుడు వేళ్ళు కొంకర్లు పోతాయి, ప్రెస్ షాపులోకి అడుగు పెట్టాక చెమటలు. కార్ల తలుపులకు రేకు వత్తే మిషను మీద నా పని. రేకు పెట్టాలి, చేతులు వెనక్కి తీసుకోవాలి, బటన్లు నొక్కాలి, తలుపు బయటికి తియ్యాలి. రోజంతా అదే. తిండి సంగతి అడగొద్దు. ఇక్కడ పప్పులో బెల్లం వేస్తారు. పప్పులో బెల్లమేమిటి వదినా! నువ్వు పంపిన గోంగూర పచ్చడి సీసా అడుగు కనిపిస్తోంది. ఆదివారాలు మాత్రం తోచదు. మన ఊరి వారపు అంగడి గుర్తొస్తుంది.

సమ్మయ్య గురించి చెప్పాలంటే ముందు కంపెనీ గురించి చెప్పాలి. వానాకాలమంతా పరిస్థితి బాగోలేదు. మేం తలుపులు చేసే కారు అమ్ముడుపోవడం లేదట. షెడ్డు నిండిపోయి, మిగిలిన తలుపులు బయట టార్పాలిన్ కింద పేర్చారు. కూలీల ఖర్చు భరించలేకపోతున్నాం, ఇలాగైతే తాళం వేసి వేరే రాష్ట్రానికి పోతాం అన్నారు పై సాహెబులు. యూనియన్‌వాళ్ళు చాన్నాళ్ళు బేరాలాడి చివరికి ఒప్పుకున్నారు. పాత పర్మినెంటువాళ్ళు మూడేళ్ళు జీతం పెంచమని అడగకూడదు, బోనసు తగ్గించుకోవాలి, షిఫ్టుకి ఇంకాసిని తలుపులు ఎక్కువ వత్తాలి. దానికి బదులుగా ఫ్యాక్టరీ మూయరు, మాలాంటి కాంట్రాక్టువాళ్ళలో కొందరిని పర్మినెంటు చేస్తారు. అయితే కొత్త పర్మినెంటుకి వచ్చేది పాతవాళ్ళ జీతంలో సగమే. గేటు దగ్గర మీటింగులో మా యూనియన్ పెద్ద కదం సాహెబ్ మైకు పట్టుకుని "కంపెనీ బచేగీ తో హమ్ బచేంగే" అన్నాడు. కంపెనీ బతికితే మనం బతుకుతాం అని. చేతులు మండేదాకా చప్పట్లు కొట్టాను. ఆ మనంలో నేను లేనని గోడ మీద పేర్లు అంటించాక తెలిసింది.

సమ్మయ్య ఉన్నాడు.

సమ్మయ్యను వాళ్ళ ఊరు భద్రకాళి నుంచి ఇక్కడికి తీసుకొచ్చింది నేను. కాంట్రాక్టరును బతిమాలి పనిలో పెట్టించింది నేను. రేకు ఎలా పట్టుకుంటే చెయ్యి తెగదో చూపించింది నేను. కానీ సర్వీసు ఎక్కువున్నవాళ్ళనే తీసుకున్నారు. అన్న కాలు విరిగిన ఏడు మిరపకాయ ఏరడానికి మనుషులు లేరని నేను రెండు నెలలు ఇంటికొచ్చాను కదా. తిరిగొచ్చేసరికి కాంట్రాక్టరు కొత్త టోకెన్ చేతిలో పెట్టాడు. నా సర్వీసు అక్కణ్ణుంచి మళ్ళీ మొదలైంది, సమ్మయ్యది ఆగలేదు. నేను దెప్పడం లేదు వదినా. అన్న కాలు కంటే ఉద్యోగం ఎక్కువా? దెప్పడం లేదు, జరిగింది రాస్తున్నానంతే.

ఇప్పుడు వాడికి నీలం చొక్కా. జేబు మీద హిందీలో పేరు కుట్టి ఉంటుంది. నాది బూడిదరంగు చొక్కా, దాని మీద పేరుండదు. వాడు క్యాంటీన్లో కూర్చుని వేడివేడిగా తింటాడు, నేను షెడ్డు వెనక డబ్బా విప్పుకుంటాను. వాడికి కంపెనీ బస్సు. మొదటి రోజు కిటికీ పక్కన కూర్చుని నన్ను చూడనట్టు తల తిప్పుకున్నాడు. ఒళ్ళు మండింది. రెండో రోజు నన్ను చూసి చెయ్యి ఊపాడు. ఇంకా మండింది. వాడి పక్కన పనిచేసే పాత మనిషికి అదే పనికి రెండింతలు వస్తుందని వాడు గొణుక్కుంటూ పడుకున్న రోజున మాత్రం నాకు హాయిగా నిద్ర పట్టింది. నీ మరిది ఇలా తయారయ్యాడు.

అంతెందుకు, సరోజ ఇదివరకు ఫోన్ చేస్తే "అన్నా, తిన్నవా?" అనేది. ఇప్పుడు "మీరు తిన్నరా?" అంటోంది. ఆ మీరు నా ఒక్కడికి కాదని, పక్క మంచానికి కూడానని నాకు తెలియదా? చెల్లెలి మీద కూడా కళ్ళు కుడతాయా అంటే, కుట్టాయి.

వాడి లోపాలు అడుగు, చెబుతాను. గురక పెడతాడు. తడి తువ్వాలు తెచ్చి నా మంచం మీద పడేస్తాడు. పచ్చడి సగం సగం పంచుకుంటే తన సగం వారంలో ఊడ్చేసి నా సీసా వంక చూస్తూ కూర్చుంటాడు. పాట ఎత్తుకుంటే గదిలో ఉండలేం. ఇంకా ఉన్నాయేమోనని నాలుగు రోజులుగా వెతుకుతున్నాను, దొరకడం లేదు.

మొన్న ఒక ఉత్తరం రాశాను. వాడిది పేరుకే పర్మినెంటు, జీతం సగమే, మూడేళ్ళ తర్వాత కంపెనీ ఉంటుందో ఊడుతుందో ఎవరికీ తెలియదు, పిల్లనిచ్చేముందు బాగా ఆలోచించుకోండి అని. చదివి చూసుకుంటే అందులో ఒక్క అబద్ధం లేదు. అది నీ చేతికొస్తే అన్న కాదనేవాడు. అయినా చింపేశాను. రాత దిద్దించినదానివి, అది రాసింది నేను కాదు, నా కడుపుమంట అని నువ్వు పట్టేస్తావు. ఆ సంగతులు మీకూ తెలియాలి కాబట్టే పైన ఉన్నదున్నట్టు రాశాను.

చింపడానికి ఇంకో కారణం ఉంది. సరోజకు చెప్పనంటేనే ఈ ముక్క చదువు. పోయిన ఆదివారం సమ్మయ్య కోడికూర తెస్తానని బజారుకు వెళ్ళాడు. నీలం చొక్కా ఉతికి దండెం మీద ఆరేసి ఉంది. తలుపు దగ్గరగా వేసి తొడుక్కున్నాను. గోడకున్న అద్దంలో ఇటు తిరిగి చూసుకున్నాను, అటు తిరిగి చూసుకున్నాను. భుజాల దగ్గర కుట్టించినట్టు కుదిరింది, మెడ దగ్గర గుండీ ఒక్కటే పెట్టుకోలేదు. వెనక చప్పుడైతే తిరిగి చూశాను. గుమ్మంలో సమ్మయ్య, చేతిలో కవరు. భూమి నోరు తెరిస్తే బాగుండుననిపించింది. నవ్వుతాడనుకున్నాను, తిడతాడనుకున్నాను. వాడు ఒక్క నిమిషం చూసి,

"గల్ల గుండీ గూడ వెట్టు. మంచిగుంటది" అన్నాడు.

అని, పొయ్యి దగ్గరికి పోయి ఉల్లిగడ్డలు తరగడం మొదలుపెట్టాడు. నేను చొక్కా విప్పి దండెం మీద వేసేదాకా ఇటు తిరగలేదు. తిన్నాక అడిగాను, "ఏంది, ఏమనవా?" అని. "నేనేమంటరా? గా మిషను మీద నిలవడ్డది నువ్వు గూడ గదా" అన్నాడు. నన్ను నాలుగు తిట్టి ఉంటే వాడి మీద కోపం నిలుపుకునేవాణ్ణి. అది కూడా దక్కనివ్వలేదు.

అదీ వాడి గుణం. సరోజను ఇవ్వండి. వాడికి దొరికినవాటిలో ఇది ఒక్కటే నాకు కళ్ళు కుట్టనిది అని రాద్దామనుకున్నాను కానీ, నీ దగ్గర అబద్ధమెందుకు, అదీ కాస్త కుడుతోంది. అయినా ఇవ్వండి.

ముహూర్తం మిరప కల్లాలు అయ్యాక పెట్టించండి. వాడికి జీతంతో సెలవు ఇస్తారు. నాకు ఇవ్వరు, ఎక్కువ రోజులు ఉంటే మళ్ళీ కొత్త టోకెనే. ఎదుర్కోళ్ళ నాటికి వచ్చి అప్పగింతలు కాగానే బయల్దేరతాను, ఏమీ అనుకోవద్దు. ఎవరైనా ఇటు వస్తుంటే కారం, ఎండుచేపలు పంపు. పచ్చడి రెండు సీసాలు పంపు, ఒకదాని మీద నా పేరు పెద్దగా రాయి.

అమ్మ కాళ్ళకు, అన్నకు దండాలు. మీ దీవెన ఉంటే నేనూ ఇక్కడ నిలదొక్కుకుంటాను. నేను బాగున్నాను, దిగులు పడొద్దు.

నీ దగ్గర దెబ్బలు తిని అక్షరాలు నేర్చుకున్న మరిది,
నాగేష్

మర్చిపోయాను. పెళ్ళికొడుకు బట్టలు పెట్టాల్సింది మనమే కదా. కొలతల కోసం వాడికి ఫోన్ చెయ్యకండి, ఇప్పటికే గాల్లో ఉన్నాడు. నా తెల్లచొక్కా ఇంట్లోనే ఉంది, భూపాలపట్నం దర్జీకి అదే ఇవ్వండి. ఏ రంగైనా పరవాలేదు, నీలం మాత్రం వద్దు. గల్ల గుండీ గట్టిగా కుట్టమని చెప్పు.