తైపింగ్‌లో తాత

క్లాంగ్,
ఆదివారం

పెద్దమ్మకు దండాలు.

తైపింగ్ సైనికుల శ్మశానంలో తాత సమాధి చూసి వచ్చాను. ఐర్లాండ్ నుంచి ఈ మలయాకు రబ్బరు తోటలో పనికి వచ్చి, అమ్మమ్మను పెళ్లాడి, జపాన్ వాళ్లు రాగానే పటాలంలో చేరిన మనిషి. రాతి మీద పేరు, రెజిమెంటు ఉన్నాయి. అమ్మమ్మ పేరు లేదు.

అక్కడ కాపలా ఉండే మనిషి, పేరు అప్పడు, మన తెలుగువాడే. "ఈయన కోసం ఎవులూ రాలేదు. నీకేటవుతాడమ్మా?" అని అడిగాడు.

"మా తాత" అన్నాను. అతను ఎండకు పట్టుకోమని తన గొడుగు నాకిచ్చి వెళ్లిపోయాడు.

తాతకు తెలుగు వచ్చని నువ్వే చెప్పావు కదా. అమ్మ పోయాక ఇంట్లో నాతో తెలుగు మాట్లాడేవాళ్లు లేరు. అందుకే అక్కడ కూర్చుని ఆయనతో మాట్లాడాను.

ఒకసారి నాతో రా, పెద్దమ్మా. ఆయన యుద్ధానికి వెళ్లేనాటికి అమ్మ ఇంకా పుట్టలేదు. నేనెవరో ఆయనకు తెలియదు. ఆయన ఎత్తుకుని తిరిగింది నిన్నొక్కదాన్నే.

నీ చెల్లెలి కూతురు