దుర్భిణిలో కరుణ

1959 అక్టోబరు 4

ఇవాళ సుగుణ ఒక ప్రశ్న అడిగింది. ఉప్పు, కిరసనాయిలు, తలుపు వేశారా — ఇవి కాకుండా. పిల్ల పోయిన ఈ రెండేళ్ళలో ఇదే మొదలు.

నిన్న స్కూల్లో సైన్సు మాస్టారు, రష్యా రాకెట్టు చంద్రుణ్ణి గుద్దిందని మొదలుపెట్టి నక్షత్రాల దాకా పోయాడు. అక్కణ్ణించి వెలుతురు ఇక్కడికి రావడానికి ఏళ్ళు పడుతుందట. బాగా దగ్గరున్న దానికే నాలుగేళ్ళు పైన. అన్నం తింటూ ఊరికే అన్నా, ఏదో ఒకటి మాట్లాడాలి గదా అని. గరిటె పట్టుకుని అలాగే ఆగిపోయింది.

"అయితే అక్కణ్ణించి మనల్ని చూసేవాళ్ళకి..."

"నాలుగేళ్ళ కిందటి మనం కనపడతాం."

"అంటే కరుణ ఇంకా..."

సగం కంచంలోనే చెయ్యి కడిగేసుకున్నా.

అక్టోబరు 5

పొద్దున్నే పెరట్లో నిలబడి పైకి చూస్తోంది. ఎండ. పగలు ఏ చుక్క కనపడుతుందని? అడగబోయి మానేశా.

"ఇంకా రెండేళ్ళు వాళ్ళకి మన పిల్ల ఉంటుంది" — నాతో కాదు, గాలితో.

అక్టోబరు 12

స్టాఫ్ రూములో మద్రాసు వారపత్రిక. అందులో పోటీ. గ్రహాలు, రాకెట్లు, రాబోయే కాలం, వింత లోకాలు — ఏదైనా రాయొచ్చు. ఇంతవరకు ఎక్కడా అచ్చుకాని రచయితలు, అచ్చుకాని చిత్రకారులు మాత్రమే. కథా, దాని బొమ్మా ఒకే కవరులో రావాలి. బొమ్మ నల్ల ఇండియన్ ఇంకుతో మాత్రమే.

అచ్చుకానివాళ్ళు... మా ఇంట్లోనే ఇద్దరం. డ్రాయింగు మాస్టరుగా ఇన్నేళ్ళూ పిల్లల చేత కుండ బొమ్మా, మామిడికాయ బొమ్మా వేయించడమే నా చిత్రకళ. సుగుణ టీచరు ట్రైనింగు అయిన మనిషి, బడి మానేసి ఇంట్లో కూర్చుంది.

పత్రిక తెచ్చి బల్ల మీద పడేశా.  

అక్టోబరు 13

పత్రిక బల్ల మీద లేదు.

అక్టోబరు 25

అన్నం మాడింది. పొయ్యి దగ్గర కూర్చుని, పీట మీద కాగితాలు పెట్టుకుని రాస్తోంది. మాడిన అన్నమే తిన్నా. మాడినందుకు సంతోషం వేసింది. ఎవరికైనా చెప్తే నవ్విపోతారు.

నవంబరు 2

కథ చదివా.

దగ్గరి నక్షత్రం మీద పొడుగు చేతుల మనుషులు. వాళ్ళ దగ్గర పేద్ద దుర్భిణి. అందులోంచి చూస్తే మన భూమి మీద ఒక ఇంటి పెరట్లో ఒక పిల్ల ఆడుకుంటూ ఉంటుంది. కోడిపెట్టకి లంగా కట్టబోతుంది, అది కట్టించుకోదు. వాళ్ళలో వాళ్ళు దుర్భిణి దగ్గర వంతులు వేసుకుంటారు. చివరికి ఉండబట్టలేక ఆ పిల్లని చూడ్డానికి బయల్దేరతారు. దార్లోనే ముసలివాళ్ళయిపోతారు. పెరట్లో దిగి, పిల్లేదీ అని అడుగుతారు. తల్లి బయటికొచ్చి చాప వేసి, "బడికెళ్ళింది, కూర్చోండి, వచ్చేస్తుంది" అంటుంది. అంతే కథ.

కోడికి లంగా కట్టబోయింది మా కరుణే. నేను బయటికెళ్ళి చాలాసేపు నడిచా. పాలేటి ఒడ్డు దాకా వెళ్ళి వచ్చా.

నవంబరు 4

"దుర్భిణి అద్దంలో దాని మొహం ఉండాలి. మీరే వేయాలి" అంది సుగుణ.

నేను ఊ అన్నా. అనేసి భయపడ్డా. ఫోటో లేదు. క్రిస్మస్‌కి తీయిద్దాం, గౌను కుట్టించాక తీయిద్దాం — అనుకుంటూ ఉండిపోయాం. నేను వేసిన బొమ్మలుండేవి, పలక మీద కొన్ని, కాగితాల మీద చాలా. పిల్లని మింగిన గొంతువాపు జ్వరం అంటుకుంటుందని ఆ రోజుల్లో పరుపు, బట్టలు, పుస్తకాలు, కాగితాలు అన్నీ పెరట్లోనే కాల్పించారు. కాల్చమన్నవాళ్ళని తిట్టలేను, ఊళ్ళో ఇంకా పిల్లలున్నారు. మునేరు పొంగి బెజవాడ బస్సులు ఆగిపోయిన వారం అది. ఎవరూ మా గుమ్మం తొక్కలేదు, పక్కింటి బీబమ్మ గారు తప్ప. తన పిల్లల్ని నందిగామ పంపించేసి మరీ వచ్చి కూర్చుంది ఆ మనిషి.

నవంబరు 8

చర్చి అయ్యాక పాస్టరు గారు. "నక్షత్రాల మీద మనుషులేంటమ్మా, పరలోకం ఉండగా?" ఈయనకెవరు చెప్పారో. సుగుణ, "వాళ్ళు కూడా అక్కడికి దారడుగుతారేమోనండీ" అంది. ఆయన గొడుగు తెరుచుకుని వెళ్ళిపోయాడు.

నవంబరు 14

రావడం లేదు. కళ్ళు వేస్తే నా కళ్ళలా వస్తున్నాయి, నోరు వేస్తే సుగుణ నోరులా. మా ఇద్దర్నీ కలిపి కుట్టిన బొమ్మ. చించేశా. ఆమెకి కనపడకుండా స్కూల్లోనే చించుతున్నా.

నవంబరు 21

వచ్చింది!

రఫ్ కూడా వేయలేదు. పొడుగు చేతుల మనుషుల్ని, దుర్భిణిని, చుట్టూ చీకటిని నల్ల ఇంకుతో పూర్తిచేశా. మధ్యలో అద్దం గుండ్రంగా ఖాళీ. నల్ల ఇంకు పాళీ పట్టుకుంటే చెయ్యి రాలేదు — నలుపుతో పిల్ల మొహమా? గట్టు మీద సుగుణ బట్టలకి కలిపిన నీలిమందు గిన్నె ఉంది. అందులో కుంచె ముంచా. దూరపు వెలుతురులో కనపడే పిల్ల గదా, నీలంగానే ఉండాలి. ఒక్క ఊపులో వచ్చేసింది. ఆ ముక్కు, ఏడుపుకీ నవ్వుకీ మధ్య ఆగిపోయినట్టుండే ఆ పెదాలు, కనుబొమ్మ మీద పుట్టుమచ్చ. నా వంక చూస్తోంది. నాన్నా అంటుందేమో అనిపించి చెయ్యి తీసేశా. ఏడ్చా. రాయడానికి సిగ్గెందుకు, ఏడ్చా.

నలుపు మాత్రమే అన్నారు వాళ్ళు. ఒక్క మొహం నీలమయితే కొంపలేం మునగవు. బొమ్మలు చూసే కళ్ళున్నవాళ్ళకి ఇంకా నచ్చుతుంది.

నవంబరు 23

రిజిస్టరు పోస్టులో పంపేశా. కవరు అంటించేటప్పుడు, చూడు అన్నా. సుగుణ అటు తిరిగి నిలబడింది.

"ఇంట్లో వద్దు. అచ్చయ్యాక చూస్తా. ఊరందరితో పాటు చూస్తా. ఒక్కదాన్నే చూళ్ళేను."

డిసెంబరు 25

పాటలు. కేకు ఎవరో ఇచ్చారు. తినలేదు ఎవరమూ.

1960 ఫిబ్రవరి 8

కార్డు వచ్చింది. సుగుణ కథకి రెండో బహుమతి. బొమ్మతో సహా మార్చి మొదటి సంచికలో.

సుగుణ తలకి నూనె రాసుకుంది. గోడ దగ్గరికెళ్ళి బీబమ్మ గారిని పిలిచి చెప్పింది. "కరుణ అచ్చులో పడుతుంది బీబమ్మా." ఆవిడ, "అల్లా... మా కరుణమ్మే!" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పెరట్లో ఇద్దరి గొంతులూ చాలాసేపు వినపడ్డాయి. ఈ ఇంట్లో మళ్ళీ మాటలు వినపడుతున్నాయి. నా మీద నాకు గర్వంగా ఉంది, తప్పయితే తప్పు.

మార్చి 6

రాయడానికి చెయ్యి రావడం లేదు. రాస్తా.

బస్టాండు దగ్గర కొట్లో పత్రిక కొన్నా. నిలబడే విప్పా. కథ ఉంది. ఆమె పేరు ఉంది, నా పేరు ఉంది. పొడుగు చేతుల మనుషులు దుర్భిణి మీద వంగి చూస్తున్నారు. అద్దం గుండ్రంగా, తెల్లగా. అందులో ఏమీ లేదు. మొహం లేదు. గీత లేదు. చుక్క లేదు. కాగితం ఎండలో పెట్టి చూశా, తిప్పి చూశా. ఇంకో ప్రతి తీయించి చూశా. అదీ అంతే. కొట్టువాడు, "ఏంటి మాస్టారూ, పేజీ చిరిగిందా?" అన్నాడు.

దాచేద్దామనుకున్నా. ఎక్కడ దాచను? ఇంటికెళ్ళేసరికి బీబమ్మ గారు వచ్చి అరుగు మీద కూర్చుని ఉంది. ఇద్దరూ తలలు దువ్వుకుని, మంచి చీరలు కట్టుకుని ఉన్నారు.

సుగుణ ముందు కళ్ళు మూసుకుంది, తర్వాత చూసింది. పేజీ చివరిదాకా చూసింది. బీబమ్మ గారికి చదువు రాదు, బొమ్మ మీదకి వంగి, "పిల్లేదమ్మా?" అంది.

"లేదు."

పత్రిక మూసి నా చేతిలో పెట్టి లోపలికెళ్ళిపోయింది.   నాకే తెలియదు ఏమయిందో.

మార్చి 7

ఉప్పు. కిరసనాయిలు. తలుపు.

మార్చి 8

హెడ్మాస్టరు గారు అసెంబ్లీలో పత్రిక ఎత్తి చూపించారు. "అద్దాన్ని ఖాళీగా వదిలేశాడు చూడండి మన మాస్టారు! చూసేవాడి గుండె గుభేలుమంటుంది. అదీ ఊహంటే!" పిల్లలు చప్పట్లు. సైన్సు మాస్టారు నా వీపు తట్టాడు. ఆ మనిషి చెయ్యి విరిచెయ్యాలనిపించింది. పాపం, అతనికేం తెలుసు.

సుగుణ కూడా అదే అనుకుంటోంది. నేను వేయలేదని, తన పిల్లని కావాలనే వదిలేశానని.

మార్చి 10

సెలవు పెట్టి నందిగామ వెళ్ళా. చిల్లకల్లు దగ్గర బస్సు చెడిపోయి ఎండలో నిలబెట్టారు. మస్తాను నాతో చదువుకున్నవాడు, అక్కడే పెళ్ళి కార్డుల ప్రెస్సు పెట్టుకున్నాడు. పత్రిక చూపించా. వెంటనే అడిగాడు — "మొహం దేంతో వేశావురా?"

"నీలిమందు."

వాడు పత్రిక కింద పెట్టాడు. "అచ్చు వేసే రేకు, బ్లాకంటాం, దాన్ని చేసేముందు బొమ్మని ఫోటో తీస్తారురా. ఆ కెమెరాకి లేత నీలం కనపడదు. తెల్లకాగితం అనుకుంటుంది. అందుకే నలుపన్నారు."

టీ తెప్పించాడు. తాగలేదు నేను. మన కంటికి కనపడేది దానికి కనపడదట. నాకున్న ఒక్క మొహం, తెచ్చి దానికి కనపడని రంగులో వేశా. గిన్నె గట్టు మీద ఉందని వేశా. నా అంత తెలివైనవాడు ఈ తాలూకాలో లేడు.

మార్చి 11

చెప్పేశా. పొయ్యి దగ్గర కూర్చుని అంతా చెప్పా. నీలిమందు గిన్నె సంగతితో సహా.

"వేశారా? నిజంగా వేశారా?"

"వేశా."

"దానిలాగే ఉందా?"

"అదే."

తిడుతుందనుకున్నా. గిన్నె విసిరేస్తుందనుకున్నా. నా చెయ్యి పట్టుకుని వేళ్ళు తిప్పి చూసింది, ఇంకా నీలం ఏమైనా ఉందేమోనన్నట్టు. "అయితే అది మద్రాసులో ఉంది. తెప్పించండి" అంది.

కార్డు రాశా. బతిమాలుతూ రాశా.

మార్చి 18

రాలేదు. రోజూ పోస్టాయన సైకిలు బెల్లు వినపడగానే సుగుణ గుమ్మంలోకి వస్తోంది. ఇంట్లో ఒక చోటు చూసి పెట్టింది, గూటి పక్కన. మేకు కొట్టమంది. కొట్టా.

మార్చి 24

జవాబు. 'పోటీకి వచ్చిన చిత్రాలు తిరిగి పంపబడవు. బ్లాకు తయారైన పిమ్మట మూలచిత్రాలు భద్రపరచు ఏర్పాటు లేదు.' మర్యాదగానే రాశారు. కింద సంతకం.

సుగుణ చదివి, మడిచి, బియ్యం డబ్బా మీద పెట్టింది. మేకు నేను పీకబోతే వద్దంది.

మార్చి 26

శనివారం. "మళ్ళీ వేయండి" అంది.

పత్రిక తెచ్చి, ఆ పేజీ విప్పి, నా ముందు పరిచింది. నల్ల ఇంకు సీసా మూత తనే తీసింది. ఖాళీ అద్దంలోనే వేయాలట.

రావడం లేదు. ఆ రోజు అడక్కుండా వచ్చింది, ఇవాళ వెతుక్కుంటే లేదు. "నేను చెప్తా, మీరు వేయండి" అంది. తను పిల్లకి జడ వేసేటప్పుడు దాని వెనక కూర్చునేది. తనకి చెవులు తెలుసు, మెడ తెలుసు, పాపిడి ఎక్కడ వంకర తిరిగేదో తెలుసు. పిల్ల నాకు ఎదురుగా కూర్చుని అన్నం తినేది, నాకు పెదాలు తెలుసు, నుదురు తెలుసు. ముక్క ముక్కా కలుపుకుంటూ పెన్సిలుతో లేతగా వేస్తున్నా. సుగుణ నా భుజం మీదుగా చూస్తోంది, ఊపిరి మెడకి తగులుతోంది. పోలిక వస్తోంది. నిజంగా వస్తోంది.

కనుబొమ్మ మీద పుట్టుమచ్చ దగ్గరికొచ్చా. చుక్క పెట్టబోయా.

"అటు కాదు. కుడి కనుబొమ్మ."

"ఎడమ, సుగుణా. బాగా గుర్తు నాకు."

"కన్నదాన్ని నేను. కుడి."

"రోజూ ఎదురుగా చూసినవాణ్ణి నేను."

గొంతులు లేచాయి. తర్వాత రెండూ తగ్గిపోయాయి. నేను కళ్ళు మూసుకుంటే పుట్టుమచ్చ ఎడమన ఉంది, ఇంకోసారి మూసుకుంటే కుడిన ఉంది. తెరిచి చూస్తే సుగుణ కూడా కళ్ళు మూసుకుని నిలబడి ఉంది. తన మొహం చూస్తే తెలిసిపోయింది. తనకీ తెలియడం లేదు.

మార్చి 27

చర్చికి వెళ్ళలేదు. బొమ్మ అలాగే ఉంది, పుట్టుమచ్చ ఒక్కటే లేదు. అది లేకపోతే వేరే ఎవరి పిల్లో.

బీబమ్మ గారికి గుర్తుంటుంది. ఆ వారమంతా దాని నుదుటి మీద తడిగుడ్డ వేసింది ఆవిడే. గోడ అవతలే ఉంది, బియ్యం చెరుగుతున్న చప్పుడు వినపడుతోంది. అడిగితే చిటికెలో చెప్తుంది. అడగడమే... మా కూతురికి పుట్టుమచ్చ ఎటుండేదమ్మా — అని, కన్నవాళ్ళం, ఏ నోటితో అడుగుతాం?

నేను వెళ్ళలేనన్నా. సుగుణ లేచింది. కొంగు సర్దుకుని పెరట్లోకి వెళ్ళింది. గోడ మీద చెయ్యి వేసి నిలబడి ఉంది.

చెరుగుతున్న చప్పుడు ఆగింది. "ఏంటమ్మా?" అంది బీబమ్మ గారు.

సుగుణ ఇంకా ఏమీ అడగలేదు.